మీకు తెలుసా? నగరం మీద వడగళ్లు

సిడ్నీ, 1999 ఏప్రిల్ 14

ఆస్ట్రేలియా బీమా కంపెనీలు అప్పటిదాకా ఏ విపత్తుకూ చెల్లించనంత సొమ్ము ఒక్క వడగళ్ల వానకు చెల్లించాయని మీకు తెలుసా? తుఫానుకు కాదు, భూకంపానికీ కాదు, కార్చిచ్చుకీ కాదు. ఒక బుధవారం సాయంత్రం సిడ్నీ తూర్పు పేటల మీద కురిసిన రాళ్లవానకు. పరిహారాల మొత్తం 170 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు.

ఆ రోజు మధ్యాహ్నం సిడ్నీకి దక్షిణాన, నౌరా ఊరి దగ్గర ఒక ఉరుముల మేఘం పుట్టింది. తీరం వెంబడే ఉత్తరానికి జరుగుతూ వచ్చింది. ఇక సముద్రం మీదికి వెళ్లిపోతుందని వాతావరణ శాఖ అనుకుంది. నగరానికి ముందుగా హెచ్చరిక అందలేదు. పైగా అది ఏప్రిల్ నెల. అక్కడ వడగళ్ల కాలం దాటిపోయినట్టే లెక్క. కానీ అది సూపర్‌సెల్ రకం మేఘం. తన చుట్టూ తానే తిరుగుతూ, మిగతా మేఘాలు గాలివాటున పోయే దారిని వదిలి సొంత దారి పట్టే రకం. రాత్రి ఏడున్నర దాటాక తీరం వైపు తిరిగి కెన్సింగ్టన్, కింగ్స్‌ఫర్డ్, మాస్కట్, ర్యాండ్విక్ పేటల మీద పడింది. కురిసిన మంచు మొత్తం సుమారు 5 లక్షల టన్నులని అంచనా. కొలిచి నిర్ధారించిన వాటిలో పెద్ద వడగల్లు అడ్డకొలత 9 సెంటీమీటర్లు.

సుమారు 20 వేల ఇళ్లు, 40 వేల వాహనాలు, విమానాశ్రయంలో నిలిపి ఉన్న 25 విమానాలు దెబ్బతిన్నాయి. మనిషి ప్రాణం ఒక్కటే పోయింది, అదీ పిడుగుపాటుకు.

అంత డబ్బు ఎక్కడికి పోయిందో తెలియాలంటే ఆ ఇళ్లలో ఒకదాని పైకప్పు కిందికి వెళ్లి చూడాలి. పైన కాల్చిన మట్టి పెంకులో స్లేటు పలకలో ఉంటాయి. వాటి కింద కలప చట్రం, దాని కింద జిప్సం బోర్డు సీలింగు. పెంకు పగలడానికి ఒక్క దెబ్బ చాలు. రాయి అటక మీదే ఆగిపోతుంది, కానీ దాని వెనకాలే వాన లోపలికి దిగుతుంది. అటక మీద వేడి ఆగడానికి పరిచిన దూదిలాంటి పొర ఆ నీళ్లన్నీ పీల్చుకుని బరువెక్కుతుంది. సీలింగు బోర్డు మధ్యలో ఉబ్బి, కిందికి వేలాడి, చివరికి తడి ముద్దగా మంచం మీద ఊడిపడుతుంది. కరెంటు తీగలు తడుస్తాయి, గోడలు నెమ్ము పడతాయి, తివాచీ కుళ్లుతుంది. వాన వెలిసే సమయానికి నష్టమంతా జరిగిపోలేదు. తర్వాతి వానలకు ఇంకా పెరిగింది. అన్ని వేల కప్పులకు సరిపడా పెంకులు గానీ, వేసే పనివాళ్లు గానీ ఒక్కసారిగా దొరకరు గదా! నెలల తరబడి ఆ వీధులు టార్పాలిన్ల కిందే బతికాయి.

వడగళ్ల వాన వార్త వచ్చినప్పుడల్లా మనం రాయి ఎంత పెద్దదని అడుగుతాం. నష్టాన్ని తేల్చేది అదొక్కటే కాదు. అది దేని మీద పడిందన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

రెట్టింపు రాయి, 16 రెట్ల దెబ్బ

వడగల్లు అడ్డకొలత రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. బరువు పెరిగిన కొద్దీ అది నేలకు దిగే వేగమూ పెరుగుతుంది. రెండూ కలిస్తే దెబ్బలోని శక్తి సుమారు 16 రెట్లు. గోలీకాయంత వడగళ్లు కారు పైకప్పు మీద చప్పుడు చేసి జారిపోతే, వాటికి రెట్టింపు ఉన్నవి అదే రేకుకు సొట్టలు పెట్టడానికి కారణం ఈ లెక్కే. క్రికెట్ బంతంత వడగల్లు గంటకు 140 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో దిగుతుంది. అంటే ఫాస్ట్ బౌలర్ బంతి నిట్టనిలువునా నెత్తి మీదికి వస్తున్నట్టు లెక్క.

ఇంకో సంగతి. అంత బరువైన రాయి పెరిగేదాకా మేఘంలో నిలబడాలంటే దాన్ని పైకి తోసే గాలి కూడా ఇంచుమించు అంత వేగంతోనే లేవాలి. రాయి పరిమాణం చూస్తే మేఘంలో గాలి ఎంత ఉధృతంగా లేచిందో చెప్పవచ్చు.

రాయిని కోసి చూస్తే

పెద్ద వడగల్లును మధ్యకు కోస్తే ఉల్లిపాయలోలా పొరలు కనిపిస్తాయి. ఒకటి గాజులా స్పష్టంగా, ఇంకొకటి పాలలా తెల్లగా. మేఘంలో సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా గడ్డకట్టని నీటి బొట్లు కోట్ల కొద్దీ ఉంటాయి. అవి రాయికి తగిలిన వెంటనే గడ్డకడితే లోపల గాలి బుడగలు చిక్కుకుని పొర తెల్లబడుతుంది. బొట్లు మరీ ఎక్కువై, నీరు రాయంతా పరుచుకుని నింపాదిగా గడ్డకడితే గాలి బయటికి పోయి పొర తేటగా ఉంటుంది. రాయి మేఘంలో కిందికీ పైకీ చాలాసార్లు తిరిగి వస్తుందని, ఒక్కో పొర ఒక్కో ప్రయాణమని బడిలో చదువుకున్నాం. పైకి లేచే గాలిని అడ్డంగా ఒక్కసారి దాటుతూనే చాలా రాళ్లు పెద్దవవుతాయని ఇప్పటి శాస్త్రవేత్తలు అంటున్నారు.

నడిమధ్యన మరో ఆశ్చర్యం ఉండవచ్చు. అమెరికాలోని మోంటానా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో వడగళ్ల నడిగుండెలో సజీవ బ్యాక్టీరియాను చూపించారు. ఆకుల మీద బతికే కొన్ని సూక్ష్మజీవులు గాలితో మేఘాల్లోకి చేరి, నీరు గడ్డకట్టడానికి గింజలా పనికొస్తాయట.

మ్యూనిక్, 1984 జులై 12

ఐరోపాలో వడగళ్ల బీమా గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఈ తేదీ దగ్గరే మొదలుపెడతారు. రాత్రి ఎనిమిది ప్రాంతంలో అరగంట లోపే అంతా ముగిసింది. సుమారు 70 వేల ఇళ్ల కప్పులు, 2 లక్షల కార్లు దెబ్బతిన్నాయి. 400 మంది గాయపడ్డారు. పెద్ద రాళ్లు 9.5 సెంటీమీటర్లు. రీమ్ విమానాశ్రయంలో ఆగి ఉన్న విమానాల రెక్కలకు కూడా సొట్టలు పడ్డాయి.

ప్రపంచంలోని అతి పెద్ద పునర్బీమా సంస్థల్లో ఒకటైన మ్యూనిక్ రీ ప్రధాన కార్యాలయం ఉన్నది ఆ నగరంలోనే. బీమా కంపెనీలకే బీమా ఇచ్చే ఆ సంస్థ నిపుణులు తమ ఊరి వీధుల్లోనే నష్టాన్ని లెక్కగట్టారు. వడగళ్లంటే పంట నష్టమే అనుకునే పరిశ్రమ, కార్ల పార్కింగు స్థలాల వైపు చూడటం అప్పుడే మొదలైంది.

రంగు చెక్కకుండా కారు రేకు వెనక నుంచి సన్నని కడ్డీలతో సొట్టను మెల్లమెల్లగా పైకి నెట్టే పనివాళ్ల గురించి విన్నారా? ఐరోపాలో, అమెరికాలో వాళ్లు వడగళ్ల వార్తలు చూసుకుని ఊరి నుంచి ఊరికి వెళుతుంటారు. దీపం కాంతి రేకు మీద ఎలా వంగుతుందో చూస్తూ పనిచేస్తారు. వంపు తిన్నగా అయిందంటే సొట్ట పోయినట్టే. ఒక్క కారుకు వందల సొట్టలుంటే రోజులు పడుతుంది.

ప్రాణాలు పోయేది ఎక్కడ?

వడగళ్ల వానకు ప్రపంచంలో అత్యధిక ప్రాణనష్టం జరిగింది మన దేశంలోనే. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర 246 మంది చనిపోయారు. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో ఇదే ఇప్పటికీ మొదటి స్థానంలో ఉంది. అదే రికార్డుల్లో అత్యంత బరువైన వడగల్లు 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది. బరువు 1.02 కిలోలు. ఆ వానకు 92 మంది బలయ్యారు. సిడ్నీలో లక్షల మంది ఉన్నచోట ఒక్కరు, గోపాల్‌గంజ్‌లో 92 మంది. గట్టి కప్పు కింద ఉన్నవాళ్లకూ, పొలంలోనో రేకు కిందో ఉన్నవాళ్లకూ మధ్య తేడా ఇది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఉత్తరాఖండ్‌లో 5 వేల మీటర్ల ఎత్తున ఉన్న రూప్‌కుండ్ సరస్సు ఒడ్డున వందల అస్థిపంజరాలున్నాయి. కొన్ని పుర్రెల మీద గుండ్రని వస్తువేదో పైనుంచి పడినట్టు చిట్లిన గుర్తులు చూసి, సుమారు 9వ శతాబ్దంలో యాత్రికుల గుంపు వడగళ్ల వానలో చిక్కుకుందని నిపుణులు భావించారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2019 నాటి డీఎన్ఏ పరిశోధన ఈ కథను తిరగరాసింది. పరీక్షించిన వాటిలో 14 అస్థిపంజరాలు మధ్యధరా ప్రాంత ప్రజల పోలికలున్నవాళ్లవి, అవీ సుమారు 1800 నాటివి. అందరూ ఒకే రోజు, ఒకే వానలో చనిపోలేదని తేలింది.

జాతరలో పడితే

అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఫోర్ట్ వర్త్ నగరంలో 1995 మే 5న నది ఒడ్డున మేఫెస్ట్ ఉత్సవం జరుగుతోంది. వేల మంది ఆరుబయట ఉండగా పెద్ద వడగళ్లు కురిశాయి. వంద మందికి పైగా గాయపడ్డారు. తల దాచుకోవడానికి చోటు లేక కార్ల కిందికి దూరినవాళ్లున్నారు. డెన్వర్‌లో 1990 జులై 11న పరిస్థితి ఇంకా దారుణం. కరెంటు పోయి వినోద పార్కులో జెయింట్ వీల్ ఆగిపోయింది. పైనున్నవాళ్లు దిగే దారి లేక దెబ్బలు తిన్నారు. మన ఊళ్లలో వేసవి ఎగ్జిబిషన్లు, జాతరలు నడిచేది సరిగ్గా వడగళ్ల కాలంలోనే. అనుమతులిచ్చే అధికారులు, నిప్పు ప్రమాదం గురించి అడిగినట్టే ఈ ప్రశ్న కూడా అడగాలి.

ఎండాకాలంలో మంచు తోడే బండ్లు

మెక్సికోలోని గ్వాదలహారా నగరంలో 2019 జూన్ 30 తెల్లవారేసరికి కొన్ని వీధుల్లో మీటరున్నర మేర వడగళ్లు పేరుకున్నాయి. అంతకుముందు రోజులు 31 డిగ్రీల ఎండ. వాననీరు పల్లానికి కొట్టుకొచ్చిన రాళ్లను ఒకచోట కుప్పపోసింది, కార్లు ఆ కుప్పల్లో కూరుకుపోయాయి. జర్మనీలోని రాయిట్లింగెన్ పట్టణంలో 2023 ఆగస్టులో వీధుల్లోని వడగళ్లను తీయడానికి శీతాకాలపు మంచు తోడే బండ్లను బయటికి తీశారు. ఇలాంటిచోట రాళ్లు చిన్నవే కావచ్చు, కానీ మురుగు కాలువల జాలీలను పూడ్చేస్తాయి. వెనకాల వచ్చే వాననీటికి దారి ఉండదు. ఇళ్లలోకి వరద వస్తుంది.

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లి పరిసరాల్లో పొలాలూ దారులూ తెల్లగా కప్పుకుపోయిన దృశ్యాలు మీకూ గుర్తుండే ఉంటాయి. కశ్మీర్‌లా ఉందంటూ ఫోన్లలో అందరూ పంచుకున్నారు. ఆ తెలుపు కింద రైతుల పంట ఉంది.

మన దగ్గర రేకు కింద

తెలంగాణలో మార్చి నుంచి మే దాకా వడగళ్ల భయం ఉంటుంది. ఎండకు నేల కాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ వస్తుంది. పైన చల్లని పొడిగాలి ఉంటే చాలు, సాయంత్రానికి మేఘం కోటలా లేస్తుంది. మామిడి కాయలు రాలడం, కోతకొచ్చిన వరి గింజ నేలపాలు కావడం వార్తల్లోకి వస్తాయి. నగరంలో పగిలిన రేకులు వార్తల్లోకి రావు.

హైదరాబాద్ శివారు బస్తీల్లో, భవన నిర్మాణ కూలీల గుడిసెల్లో, మేడ మీద అద్దెకిచ్చిన ఒంటి గదుల్లో పైన ఉండేది సిమెంటు రేకే. ఇనుప రేకు సొట్ట పడుతుంది గానీ నిలుస్తుంది. సిమెంటు రేకు అలా కాదు. ఎండకు ఎండి, ఏళ్లు గడిచి పెళుసైన రేకు పెద్ద రాయి పడిన చోట చిల్లు పడుతుంది, లేదా ఈ చివర నుంచి ఆ చివరికి పగులు విచ్చుకుంటుంది. ఆ రాత్రికి కుటుంబం బియ్యం సంచిని, పిల్లల పుస్తకాలను గది ఒక మూలకు జరుపుతుంది. తెల్లారితే పగులు మీద తారు పూస్తారు, పాత ఫ్లెక్సీ బ్యానరు పరిచి రాళ్లు పెడతారు. సిడ్నీ టార్పాలిన్ల ఖర్చు బీమా భరించింది. ఈ ఫ్లెక్సీ ఖర్చు కూలి డబ్బుల్లోంచే పోతుంది.

కేంద్రం గుర్తించిన ప్రకృతి విపత్తుల జాబితాలో వడగళ్ల వాన కూడా ఉందని చాలామందికి తెలియదు. పంటకే కాదు, దెబ్బతిన్న ఇళ్లకూ రాష్ట్ర విపత్తు సహాయ నిధి నుంచి సాయం ఇవ్వవచ్చు. పాక్షికంగా దెబ్బతిన్న ఇంటికైతే నష్టం కనీసం 15 శాతం ఉండాలన్నది నిబంధన. నాలుగు రేకుల గదిలో ఒకటి పగిలితే అది 15 శాతమా, కాదా అని కొలవడానికి ఎవరు వస్తారు? కోటి మంది బతికే నగరంలో ఈ ప్రశ్నకు జవాబు ఇంటి యజమానికి కాదు, కిరాయిదారుకు తెలియాలి.

ఫిరంగులు పేల్చి ఆపగలమా?

1896లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, ఇప్పటి స్లొవేనియా భూభాగంలో, ద్రాక్షతోటలున్న ఆల్బర్ట్ స్టీగర్ అనే పట్టణ పెద్ద ఆకాశం వైపు గరాటు మూతి ఉన్న ఫిరంగులు పేల్చడం మొదలుపెట్టాడు. కొన్నేళ్లలోనే ఇటలీలో వేల ఫిరంగులు వెలిశాయి. ఆ తర్వాత ప్రభుత్వాలు ప్రయోగాలు చేయిస్తే ఫలితం శూన్యమని తేలింది. ఉరుము మోతకే చెదరని రాళ్లు ఫిరంగి మోతకు చెదురుతాయా?

అయినా ఫిరంగులు పోలేదు. మెక్సికోలోని ప్యూబ్లాలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ ఆరుబయట నిలిపిన కొత్త కార్లను కాపాడుకోవడానికి వాటిని వాడింది. మేఘాలను చెదరగొట్టి తమకు వానల్లేకుండా చేస్తున్నారని 2018లో చుట్టుపక్కల రైతులు తిరగబడ్డారు. చివరికి కంపెనీ కార్ల మీద వలలు కడతామని ఒప్పుకుంది. నా దృష్టిలో వలే సరైన మందు. వాన మీద ఎవరికి హక్కుందన్న తగవు దానితో రాదు.

కెనడాలోని కాల్గరీలో బీమా కంపెనీలు డబ్బులు వేసుకుని 1996 నుంచి విమానాలతో మేఘాల్లో సిల్వర్ అయొడైడ్ చల్లిస్తున్నాయి. ఆ ప్రయత్నం నడుస్తున్నా 2020 జూన్ 13న ఈశాన్య కాల్గరీ ఇళ్ల గోడలకు తొడిగిన ప్లాస్టిక్ పలకలు తూట్లు పడ్డాయి. 2024 ఆగస్టు 5న వచ్చిన వానకైతే బీమా నష్టం 280 కోట్ల కెనడా డాలర్ల పైమాటే.

డాలస్ తెలుగువాళ్లకు బాగా తెలిసిన పని

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లను అడగండి. వడగళ్లు పడిన మర్నాడు కప్పులు బాగుచేసేవాళ్లు తలుపు తడతారు, నిచ్చెన వేసి పైకెక్కి సుద్దముక్కతో దెబ్బల చుట్టూ సున్నాలు చుడతారు. బీమా మనిషి వచ్చి ఆ సున్నాలు లెక్కపెడతాడు. అక్కడ తారు పలకల్లో క్లాస్ 4 అనే రకం ఉంది. రెండంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకే చోట రెండుసార్లు వదిలినా చిట్లకపోతేనే ఆ ముద్ర వేస్తారు. అది వేయించుకుంటే టెక్సస్‌లో ప్రీమియం తగ్గుతుంది.

సోలార్ పలకలు, ఒక అంతరిక్ష నౌక

సోలార్ పలకలకు అంతర్జాతీయ పరీక్ష ఒకటుంది. 25 మిల్లీమీటర్ల మంచు గుండ్లను గంటకు సుమారు 83 కిలోమీటర్ల వేగంతో కొడతారు. 2019 మేలో పశ్చిమ టెక్సస్‌లోని మిడ్‌వే సోలార్ క్షేత్రంలో పడినవి అంతకన్నా చాలా పెద్దవి. బీమా నష్టం 7 కోట్ల డాలర్లు దాటింది. అప్పటి నుంచి పెద్ద క్షేత్రాల్లో హెచ్చరిక రాగానే పలకలను నిటారుగా తిప్పేస్తున్నారు, రాయి సూటిగా తగలకుండా. మన మేడల మీద బిగించిన పలకలు అలా తిరగవు. కొనేటప్పుడే గాజు మందం అడగాలి.

2007 ఫిబ్రవరి 26న ఫ్లోరిడాలో ప్రయోగవేదిక మీదున్న అట్లాంటిస్ నౌక ఇంధన ట్యాంకు నురగపూతకు వడగళ్లతో వేల గాట్లు పడ్డాయి. మార్చి 15న లేవాల్సినది జూన్ 8న లేచింది. సునీతా విలియమ్స్ తన తొలి అంతరిక్ష యాత్ర ముగించుకుని భూమికి తిరిగొచ్చింది ఆ నౌకలోనే.

కారులో ఉండగా మొదలైతే

కారు ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర అతికించి చేసినది. పగిలినా ఊడిపడదు. పక్క అద్దాలు అలా కాదు, దెబ్బ గట్టిగా తగిలితే పొడిపొడిగా రాలతాయి. అందుకే రోడ్డు పక్కకు తీసి, వడగళ్లు ముందు అద్దానికి ఎదురుగా తగిలేలా ఆపుకోవాలి. వెనక కూర్చున్న పిల్లల తలలపై దుప్పటో, బ్యాగో కప్పాలి. చెట్టు కింద ఆపొద్దు, పిడుగు ప్రమాదం. బైకు మీద ఉన్నవాళ్లు హెల్మెట్ తీయకుండా దుకాణం అరుగెక్కాలి. ఫ్లైఓవర్ కింద నడిరోడ్డు మీద గుంపుగా ఆగితే వెనక వచ్చే లారీకి వానలో కనిపించరు.

ఇక బీమా కాగితం. మన దేశంలో వాహనానికి తీసుకునే సమగ్ర పాలసీలో వరద, తుఫానులతో పాటు వడగళ్ల వాన పేరు కూడా రాసి ఉంటుంది. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే మీ కారు సొట్టకు రూపాయి రాదు. పాత కారే కదా అని సమగ్ర పాలసీ మానుకునే ముందు ఈ వరుస చూసుకోండి. వాన వెలిశాక బాగుచేయించే ముందే నాలుగు వైపులా ఫొటోలు తీసి, కంపెనీకి ఫిర్యాదు నమోదు చేయండి. సర్వేయరు చూశాకే మెకానిక్ చెయ్యి పడాలి.